రాశిలో పోసిన కాయలు

రాజోలు

చిరంజీవి కుసుమకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఒంటి వరకూ నిజంగానే క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నా నోరు మాత్రం తగ్గలేదని ఆవిడ అంటుంది. శారోన్ దోహాలో మీ ఆసుపత్రికే తిరిగి వస్తోంది కదా, పూతరేకులతో పాటు ఈ ఉత్తరం కూడా ఇస్తుంది. ఫోన్‌లో అయితే నీ మొహం కనిపిస్తుంది. కనిపిస్తే నేను ఇంకో అబద్ధం ఆడతాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కళ్లద్దాలు మార్చాను. కొబ్బరి ధర కాస్త లేచింది. లైబ్రరీ కమిటీకి మళ్లీ అప్పలస్వామినే అధ్యక్షుణ్ణి చేశారు, పేపర్లో సినిమా పేజీ దాటని మనిషిని. సరే, అది నువ్వు అడగలేదు.

అడిగింది ఇది: "ఆయన నా డబ్బు ఏం చేశారు నాన్నా? నోటీసు ఎందుకొచ్చింది? సెలవుకి వస్తే మలికిపురం ఆయన దగ్గరికి వెళ్లాలా, మన ఇంటికే రావాలా, మీరే చెప్పండి."

ముందు డబ్బు సంగతి. మీ ఆయన ప్రవీణ్ కుమార్ దాన్ని తగలెయ్యలేదు. నువ్వు సరేనన్నాకే రెండు రకాల క్రిప్టో నాణేలు కొని లిక్విడిటీ పూల్‌లో పెట్టాడు. అదేమిటో నీకు మన కొబ్బరి కొట్టు భాషలో చెబుతాను. రైతులందరి కాయలూ ఒకే రాశిలో పోసేవాళ్లం, గుర్తుందా? ఏ కాయ ఎవరిదో తెలియదు, కాని ఎవరి వాటా వాళ్లకుంటుంది. పూల్ అలాంటి రాశే. దారిన పోయేవాళ్లు ఒక నాణెం పోసి ఇంకో రకం పట్టుకెళతారు, పోతూ కాస్త రుసుము వదులుతారు. అది వాటాదార్లకు. ప్రవీణ్ ఆ రుసుముతో మళ్లీ కొన్నాడు, పోశాడు, తీశాడు, మార్చాడు. ధర పడి కొంత తగ్గింది. మిగతాది అలాగే ఉంది.

ఇన్‌కంటాక్సు వాళ్ల నోటీసు వచ్చింది ఆ మార్పిళ్లు రిటర్నులో లేనందుకు. ఒక నాణెం ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అమ్మకమే. లాభం మీద నూటికి ముప్పై పన్ను. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. పూల్‌లో పొయ్యడం కూడా అమ్మకమేనా అన్నది చట్టంలో తేటగా లేదు. అయినా చూపించి ఉండాల్సింది. మొదట్లో మారకాలు జరిగిన ఎక్స్ఛేంజీ ముందే కోసుకున్న టీడీఎస్ పన్నుకీ మనం చూపినదానికీ పొంతన కుదరలేదు.

అందుకని మొన్న ప్రవీణూ నేనూ అమలాపురంలో ఆడిటరు గోవిందరాజులు దగ్గరికి వెళ్లాం. నా పుస్తకాలు అరువు పట్టుకెళ్లి తిరిగివ్వలేదని నేను ఏళ్ల తరబడి మాట్లాడని మనిషి. ప్రవీణ్ తయారుచేసిన కాగితాలు తిరగేసి, "ప్రతి మార్పిడీ శుభ్రంగా దింపేరండి. మరి ఈ వరసలన్నీ ఎవరు కొట్టేసేరు?" అన్నాడు.

ప్రవీణ్ నా వైపు చూడలేదు. "నేనేనండి. తెలియక కొట్టేసేను."

"ఎవర్నైనా అడగవలసింది కదండీ."

"ఆయ్. అడగవలసిందండి."

నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

కుసుమా, ఆ గీతలు నావి.

రిటర్ను వేసేముందు ఆ కాగితాలు అతను నా దగ్గరికే తెచ్చాడు. "ఇవన్నీ పెట్టాలంటారా మామగారూ? పోనీ గోవిందరాజులుగారికి ఓసారి చూపిద్దామాండి?" అన్నాడు. ఆ పేరు వినగానే నాకు ఒళ్లు మండింది. "అతనికంటే ముందు చట్టం చదివినవాణ్ణి నేను. కాయలు రాశిలో పోసి మళ్లీ తీసుకుంటే అమ్మకమెలా అవుతుందయ్యా? ఫోన్లకు అద్దాలు అంటించుకునేవాడివి, నీకెందుకివన్నీ" అని ఎర్రపెన్సిలుతో కొట్టేశాను. నిజానికి ఆ రాశిలో పోసినవి పోసినట్టు తిరిగి రావు. ఒక రకం తగ్గి ఇంకో రకం పెరిగి వస్తుంది, అంటే మధ్యలో మారకం జరిగినట్టే. అతను ఆ మాట చెప్పబోతే నేను విన్లేదు.

నోటీసు వచ్చాక నీకు ఫోన్ చేసి, "లెక్కలు దాచాడమ్మా మీ ఆయన" అన్నది కూడా నేనే. అతనికి తెలుసు. "మామగారు కూతురి దగ్గర మాట పడ్డం ఎందుకండి, ఊరుకోండత్తయ్యా" అన్నాడట మీ అమ్మతో. అతనంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. డిగ్రీ లేదని, నన్ను అడక్కుండా నువ్వు ఇష్టపడ్డావని. ఇన్ని పుస్తకాలు చదివి నేను నేర్చింది, తప్పు పట్టుబడితే దాన్ని ఎవరి మీద వెయ్యాలో.

తిరుగు బస్సులో రాజోలు వచ్చి నేను లేవబోతుంటే, "మలికిపురం దాకా వచ్చి భోంచేసి వెళ్లండి మామగారూ" అన్నాడు. అతను పిలిచినప్పుడల్లా, ఆడపిల్ల ఇంట్లో మేం తినకూడదయ్యా అని గుమ్మంలోనే ఆచారం చెప్పేవాణ్ణి. రామచంద్రపురంలో మీ అక్క ఇంట్లో, ఆఫీసరు అల్లుడి పక్కన కూర్చుని తిన్నప్పుడు ఆ ఆచారం గుర్తురాలేదు. ఆ తేడా ఇతనికి తెలియదనుకున్నాను. ఎందుకు తెలియదు?

ఆ రోజు రాజోలులో దిగలేదు, అతనితోనే వెళ్లాను. అతనే అన్నం వండి, వంకాయ ఎండురొయ్యల కూర చేశాడు. "ఉప్పెక్కువైందాండి?" అన్నాడు. సరిపోయిందన్నాను. అనవలసిన మాట వదిలేసి మజ్జిగ అడిగాను.

మర్నాడు గోవిందరాజులుకు ఫోన్ చేసి, కొట్టేసింది నేనని చెప్పాను.

"ఆయ్, అప్పుడే తెలిసిందండి" అన్నాడు. "మీ పుస్తకాల నిండా ఆ ఎర్రపెన్సిలే కదండీ. అల్లుడుగారు మీదేసుకున్నాక నేనేం అంటాను?"

సవరించిన లెక్క గోవిందరాజులు తయారుచేస్తున్నాడు. పన్ను అల్లుడిది. జరిమానా ఎంతపడినా నేను కడతాను. ప్రవీణ్ వద్దన్నాడు గాని, ఈసారి నేను అతని మాట వినకపోయినా తప్పులేదు.

ప్రవీణ్ ఎదుట నిలబడి తప్పు నాదని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. ఈ ఉత్తరం అతనికి ఫోన్‌లో చదివి వినిపించు. ఎక్కడా దాటెయ్యకు. సెలవుకి మలికిపురమే వెళ్లు. మర్నాడు మీ అమ్మా నేనూ వస్తాం. గుమ్మంలో ఆచారం చెప్పను. మాకూ ఎసట్లో బియ్యం పొయ్యి.

ఇట్లు,
ప్రవీణ్ కుమార్ మామగారు, మీ నాన్న
సుబ్రహ్మణ్యేశ్వరరావు