హోప్ టౌన్ జెట్టీలో తాడు పట్టే మనిషి గురించి

హోప్ టౌన్,
జూన్, 1979.

బోట్ల ఆఫీసరు గారి సముఖమునకు, హోప్ టౌన్ జెట్టీ లస్కరు పి. జ్ఞానయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సరంగు పరీక్ష రోజున జెట్టీ మీద తాడు పట్టుటకు వేరొక మనిషిని ఇప్పించి, నన్ను పరీక్షకు పోనిచ్చుట గురించి.

ఇదే విషయమై ఇంతకుముందు ఇంగ్లీషులో రాయించి పంపుకొన్న అర్జీలకు జవాబు లేదు. తమరు కొత్తగా వచ్చారు, పైగా తెలుగువారని తెలిసింది. అందుచేత ఈసారి నా చేతితో నేనే తెలుగులో వ్రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

1. నేను కుర్రతనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ అండమాను దీవికి వచ్చి, ఇదే జెట్టీలో లస్కరుగా చేరినాను. నా పని ఏమనగా, చాతం రేవు నుంచి వచ్చే బోటు ఒడ్డుకు ఆనుతుండగా బోటు మీది మనుషులు విసిరే తాడు పట్టుకొని గుంజకు బిగించుట, వెళ్లేటప్పుడు విప్పుట. చేరిననాటికీ నేటికీ ఈ పనిలో మార్పు లేదు. తాళ్లు మాత్రం మారినవి.

2. బోటు నడిపే సరంగు ఉద్యోగానికి పరీక్ష ఉన్నది. అది కాగితం మీద వ్రాసేది కాదు. అభ్యర్థి చాతం నుంచి బోటు నడుపుకొని వచ్చి హోప్ టౌన్ జెట్టీకి ఆనించవలెను. ఆఫీసరు గారు బోటులో కూర్చొని చూస్తారు. విసిరిన తాడు పట్టుకొనుటకు జెట్టీ మీద ఒక మనిషి ఉండవలెను. ఆ మనిషి నేనే. కనుక పరీక్ష పెట్టినప్పుడల్లా నేను ఒడ్డున డ్యూటీలో ఉంటున్నాను, బోటులో ఉండలేకపోతున్నాను. దరఖాస్తు మాత్రం ప్రతిసారీ పెట్టినాను. ప్రతిసారీ నా పేరు ఎదుట 'హాజరు కాలేదు' అని పడుతున్నది. నేను అక్కడే ఉన్నాను సార్. అందరి తాళ్లూ పట్టింది నేనే.

3. భూషణం అనే అతనికి తాడు పట్టుట నేర్పినది నేను. ఇప్పుడు అతడు సరంగు. మంచివాడే, దీనిని ఫిర్యాదుగా భావించవద్దు. మొన్న బోటు కట్టాక ఈ సంగతి ఎత్తితే, "బురా మత్ మానో భయ్యా, ఏటీ అనుకోకు. నువ్వు కూడా బోటెక్కేస్తే ఒడ్డున తాడు ఎవులు కడతారు?" అన్నాడు. పాత ఆఫీసరు గారు సైతం 'ఈయన లేనిదే జెట్టీ నడవదు' అని నా గురించి వ్రాసి పెట్టినారట. హెడ్ క్లర్కు గారు దానిని సంతోషంగా చదివి వినిపించినారు. ఆ మెప్పు వల్లనే నేను కదలకుండా ఉన్నాను. గుంజకూ నాకూ తేడా ఏమంటే, గుంజకు ఏటా రంగు వేస్తారు.

4. ఈ అంశం వ్రాయవద్దని నా భార్య ఎలీసబెతు చెప్పినది. అయినా వ్రాస్తున్నాను. మా తెలుగు సంఘంలో ఉద్యోగం పెరిగినవారు ఆదివారం ఆరాధన అయ్యాక కృతజ్ఞత విందు పెట్టుట ఆచారం. అందరి విందులూ తిన్నాము. మా వంతు వచ్చినప్పటికి ఉంటుందని ఆమె ఒక మేకపిల్లను మొక్కుకొని పెంచినది. మొక్కిన మేక గనుక అమ్మరాదు, వేరే పనికి కోయరాదు. అది ఇప్పుడు గడ్డం పెరిగిన ముసలి మేకపోతు. పళ్లు కదులుతున్నా పక్కింటి గురువమ్మ గారి బీరపాదులు తినుట మానలేదు. ఆవిడ మాతో మాట్లాడుట మానివేసినది. "ఏటయ్యా, మనకంటే ముందు ఇదే రిటైరైపోయేలాగుంది" అని ఎలీసబెతు నిన్న అన్నది. నవ్వుతూనే అన్నది గాని నాకు అన్నం సయించలేదు.

5. పరీక్షకు వయసు హద్దు ఉన్నది. నాకు అది ఈ సంవత్సరంతో సరి. వచ్చే నెల పరీక్షే నాకు ఆఖరుది. బదులు మనిషిని అడిగితే, మనుషులు లేరని హెడ్ క్లర్కు గారు సెలవిచ్చారు. ఆ ఒక్కరోజు తాడు తానే పడతానని ఎలీసబెతు ఆఫీసుకు వచ్చి చెప్పుకొన్నది. "దీదీ, అది సర్కారీ తాడు" అని ఆయన పంపించివేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని లోకంలో మాట. మా మందిరంలో పూజారులు లేరు గనుక ఆ లోటు ఆఫీసులో తీరుతున్నది.

6. నా ఆరోగ్యం భేషుగ్గా ఉన్నదని, కాళ్లూ చేతులూ సక్రమంగా పనిచేయుచున్నవని ఇందుమూలముగా తెలియజేసుకొంటున్నాను.

కావున తమరు దయతలచి ఆ ఒక్క పూటకు జెట్టీ మీద వేరొకరిని నిలబెట్టి, నన్ను బోటు ఎక్కనివ్వవలెనని కోరుచున్నాను. పరీక్ష తప్పితే తప్పుతాను. తప్పాడనిపించుకోవడానికైనా ఒకసారి బోటులో ఉండాలి గదా. అలసిపోయాను సార్. తీరిక చూసుకొని ఈ కొద్దిపాటి మనవిని చిత్తగించవలెను.

ఇట్లు,
ఒడ్డుననే ఉన్న తమ విధేయుడు,
పి. జ్ఞానయ్య,
జెట్టీ లస్కరు.

తా.క. ఆరవ అంశం నిజం కాదు సార్. కింద సంతకం పెట్టాక మనసు ఒప్పుకోలేదు. కిందటి వానల నుంచి నా కుడి భుజం పైకి లేవడం లేదు. చుక్కాని తిప్పడానికి ఈ చేయి చాలుతుంది, తాడు పట్టడానికి చాలదు. ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది, తమ దగ్గరే ఉంచుకోండి. పరీక్ష రోజుకు మనిషి దొరక్కపోతే ఎప్పటిలాగే నేనే జెట్టీ మీద ఉంటాను. తమరు బోటులోనే ఉంటారు గనుక అందులోని పిల్లలకు ఒక్క మాట చెప్పండి, తాడు కొంచెం మెల్లగా విసరమని.