తియ్యటి ఆకుపచ్చ నీళ్లు

పై వాటా అమ్మాయికి,

ఈ చీటీ ఆటో అతనితో నీ ఆఫీసుకు పంపుతున్నాను. నీ కుక్కపిల్ల పశువుల ఆసుపత్రిలో నా ఒళ్లో ఉంది.

పొద్దున అది తూలుతుంటే "తాతయ్యా, మావాడు తాగొచ్చాడు చూడు" అని నవ్వావు. తర్వాత మామూలుగా నడిచేసరికి పనికి వెళ్లావు. నువ్వెళ్లాక దాని మూతికి ఆకుపచ్చ తడి చూశాను. కారు రేడియేటర్ నుంచి కారిన కూలెంట్ మందు నీళ్లు నాకింది. తియ్యగా ఉంటాయట, కానీ విషం. పైకి తేరుకున్నట్టే ఉంటుందట, లోపల మూత్రపిండాలు పాడైపోతాయట. విరుగుడు ఎక్కిస్తున్నారు. బతుకుతుందని డాక్టరమ్మ ఇంకా అనలేదు.

కిటికీ ఎండ దాని మీద పడింది. ఏదో పెద్ద మైదానంలో పరిగెడుతున్నట్టు నిద్రలో కాళ్లు ఆడిస్తోంది. మెల్లగా పిలిచాను. నా గొంతు దానికి కొత్త. నువ్వొచ్చి పిలువమ్మా, వెనక్కి తిరుగుతుందేమో.

కింది వాటా తాతయ్య