ఒక్క నకారము తీయుచున్న ప్రాణములు

తీరరక్షణ కార్యాలయాధికారి గారి సముఖమునకు,
గలీసియా తీరమునందలి పోర్తోకోన్ రేవు నుండి విశ్రాంత ఉపాధ్యాయుడు ఎవారిస్తో లౌథావ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తీరమునకు కొట్టుకొనివచ్చిన చమురు తెట్టు నిమిత్తము తమరు రేవు గోడకు అంటింపించిన ఉత్తరువు నుండి ఒక నకారమును, ఒక కామాను వెంటనే తొలగించుటను గూర్చి.

1. ఉత్తరువు మొదటి వాక్యము ఇట్లున్నది: "చమురంటిన, చనిపోయిన పక్షులను సంచులలో నింపి దహనమునకు పంపవలెను." తమ ఉద్దేశము చమురంటి చనిపోయిన పక్షులనియే నేను నమ్ముచున్నాను. అట్లయినచో 'అంటి' అని క్త్వార్థమును వ్రాసి ఊరకుండవలసినది. 'అంటిన' అని ధాతుజ విశేషణము వేసి, పక్కన కామా పెట్టుటచే పక్షులు రెండు తెగలైనవి: చమురంటినవి, చనిపోయినవి. మొదటి తెగ ఇంకను ఊపిరి తీయుచున్నది. దానిని కూడ సంచిలో కట్టుచున్నారు.

2. నేటి ఉదయము ఇసుకమీద పనివారి మేస్త్రీ మోంచోను నిలదీసితిని. వాడు నావద్ద చదువుకొన్నవాడే. ఈ చమురుచే ఆల్చిప్పలు ఏరు పని పోయి ఇప్పుడు నల్లని ఇసుక ఎత్తుచున్న ఎరుందీనా అప్పటికే వానితో తగవు పడుచున్నది. వారి మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాను. ఆ భాషకు నేను పూచీ కాను.

"సంచి కదులుతోందిరా, కళ్లు పోయాయా?"

"గాలి పిన్నీ, గాలి."

"గాలి అరుస్తుందా? నీ మొహం!"

"నన్నేం చెయ్యమంటావ్? రాసింది రాసినట్టు చదవమని చెవులు మెలిపెట్టింది మాస్టారే కదా! కామా దగ్గర ఆగమన్నారు. ఆగాను. చమురంటిందా? అంటింది. సంచి!"

వాడు చదివిన తీరులో దోషము లేదు.

3. తమ గుమాస్తాకు ఫోను చేయగా, "అవి మన పక్షులు కాదు కదండీ, చలికాలం చుట్టాలు. వస్తాయి, పోతాయి" అని సెలవిచ్చినాడు. 'పోవు' అను క్రియకు రెండర్థములు కలవని ఆయన ఎరుగడు. అరావు అను ఈ నలుపు తెలుపుల పక్షి ఉత్తరపు దీవుల కొండచరియలలో పుట్టి, చలికాలము మన నీటిలో గడుపును. జంటకు ఏడాదికి ఒక్కటే గుడ్డు. ఇక్కడ చచ్చినదాని చోటు వసంతమున అక్కడ ఖాళీగా కనబడును. అది నిండుటకు ఏండ్లు పట్టును. మన కొండమీదను ఒకప్పుడు ఇవి గుడ్లు పెట్టెడివి. నేడు ఆ కొండకు 'అరావుల బండ' అను పేరు మాత్రము మిగిలినది. అవి మనవి కాకపోవుటకు కారణము అవి కావు.

4. చమురంటిన ఈకలలోనికి నీరు చొచ్చును. పక్షి మునిగి చేపను పట్టలేక, చలికి ఆగలేక ఒడ్డెక్కును. ముక్కుతో ఈకలు దువ్వుకొనుచు ఆ చమురునే మింగును. అట్టిది ఒకటి నా స్నానపు తొట్టిలో ఉన్నది. గిన్నెలు తోము సబ్బుతో కడిగితిని. నా వేలు కరచినది, పిమ్మట చేపను మింగినది. ఇండ్లలో ఉంచుకొన్నవి సైతము అప్పగించవలెనని ఉత్తరువు చివరి పంక్తి. రేపు ఉదయమే లారీ వచ్చునట.

కావున లారీ రాకమునుపే ఆ నకారమును, ఆ కామాను కొట్టివేయించి, బతికియున్న పక్షులను కడుగు ఏర్పాటు చేయింప ప్రార్థన. అక్షరము చిన్నదని చూడక చిత్తగించవలెను.

వ్యాకరణమునకు లోబడి,
తమ విధేయుడు,
ఎవారిస్తో లౌథావ్

తా.క. అర్జీ మడిచి టపాకు బయలుదేరితిని గాని, రేవు గోడను దాటి పోజాలకపోతిని. ఎర్ర సిరాతో ఉత్తరువును నేనే దిద్దితిని. ప్రభుత్వ పత్రమును దిద్దుట నేరమని ఎరుగుదును. మోంచో వచ్చి, వేలు పెట్టి, "చమురంటి చనిపోయిన" అని పైకి చదివెను. మరల చదివెను. "ఇలాగైతే ఇవి ఇందులోకి రావు కదా మాస్టారూ" అని సంచుల మూతులు విప్పసాగెను. కొన్నింటికే ఊపిరి ఉన్నది. నా తొట్టి నిండినది. ఎరుందీనా బట్టలుతుకు తొట్టియు నిండినది. ఇంకా తెస్తున్నారు. శిక్ష సంగతి తర్వాత చూద్దురుగాని, తొట్లు పంపండి సారూ, సబ్బు పంపండి, మనుషుల్ని పంపండి. కామాలు నేను చూసుకుంటాను.