అమ్మ డ్యూటీలో ఉంది

ప్రియమైన చిన్నదానికి,

ఫోన్ ఎందుకు ఎత్తనని కింది వాటా పిన్నిగారిని అడిగావుట. నన్ను ఎత్తనిస్తేగా! మోగితే చాలు, అమ్మ పరుగున వచ్చి "వార్డు!" అని పెట్టేస్తోంది. ముప్ఫయ్యేళ్ళ నర్సు ఉద్యోగం ఎక్కడికి పోతుంది? నా పేరు మరిచిపోయింది, నువ్వున్నావన్న సంగతే మరిచిపోయింది, డ్యూటీ మాత్రం మరవలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాత్రలు మింగించడానికి నా తాతలు దిగొచ్చేవారు. ఉమ్మేసేది, కొరికేది. పోయిన నెల ఓ రోజు తల తిరిగి కాసేపు పడుకున్నాను. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టింది. నన్ను పేషెంటు అనుకుంది! "సిస్టర్, ముందు మీరు వేసుకుంటేనే నేను వేసుకుంటా" అన్నాను. గుటుక్కున మింగేసింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున పదింటికి నేను పేషెంటుని. పాత నోటుపుస్తకంలో నా నాడి లెక్క చార్టు కూడా రాస్తోంది. ఒక పేజీ పంపుతున్నా, నవ్వుకో.

నువ్వు సెలవు పెట్టుకుని రానక్కర్లేదు. వృద్ధుల హోము మాట మాత్రం మళ్ళీ ఎత్తకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నాకు నవ్వు రాలేదు. వరసగా చదువు: అరవై రెండు, యాభై ఐదు, నలభై ఎనిమిది, నలభై నాలుగు. కింద "తప్పి తప్పి కొట్టుకుంటోంది, డాక్టరుకి చెప్పాలి" అని రాసింది. మా వీధి డాక్టరుకి చూపించాను. "ఎవరిదైనా సరే, ముందు గుండె చూపించుకోమనండి" అన్నాడు.

తల తిరగడం ఎన్నాళ్ళ నుంచి? నిజం చెప్పు. నీ మొండితనం నాకు తెలియనిదా?

చూపించుకుని వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు

*

ప్రియమైన చిన్నదానికి,

నీకూ ఆ డాక్టరుకీ వేరే పని లేదా? నిన్న అమ్మ నా చెప్పులు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆవిడ లెక్క నమ్మి నేను ఆస్పత్రికి పరిగెత్తాలా? తల తిరగడం నిద్ర చాలక. మెట్లెక్కితే ఆయాసం వయసు మీద పడి.

అసలు సంగతి చెప్పనా? నేను మంచాన పడ్డానంటే నువ్వు చేసే మొదటి పని అమ్మని హోములో చేర్చడం. అక్కడ ఆవిణ్ణి ఎవరి చెయ్యి పట్టుకోనిస్తారు? నాకు భయమే. అందుకే చూపించుకోను.

రావద్దు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

రావద్దన్నావు కాబట్టే బయల్దేరాను. నీ గుండెకి మిషన్ అమర్చారట, గండం గడిచిందట. ఇవాళ లోపలికి ఎవర్నీ రానివ్వమన్నారు, అందుకని ఈ కాగితం అక్కడి నర్సు చేతికిమ్మని పిన్నిగారితో పంపిస్తున్నా. నీకు స్పృహ లేనప్పటి సంగతులు ఎవరూ చెప్పి ఉండరు.

నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంది. నువ్వు వంటగదిలో నేల మీద ఉన్నావు. అమ్మ నీ కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి, పక్కనే కూర్చుని నాడి చూస్తోంది. నన్ను చూసి లేవనైనా లేవలేదు. "డాక్టర్ని పిలవమని మూడుసార్లు రాశాను. రాసింది చదవరా మీరు?" అని కసిరింది. నేను చదివానక్కా. చదివి కూడా ఉత్తరం రాసి కూర్చున్నాను. తప్పు నాదే.

హోము మాట ఇక ఎత్తను. రెండు నెలలు సెలవు పెట్టాను. నేనూ పేషెంటులా పడుకుని చూశాను గానీ, "నీకేం రోగం, లే" అంది. నేను కొత్తగా చేరిన నర్సునట. "మాత్ర ఎలా మింగించాలో చూపించండి సిస్టర్" అంటే తనే మింగి చూపించింది.

పొద్దున ఖాళీ మంచం చూసి "ఆ పేషెంటేదీ?" అని అడిగింది. ఆస్పత్రిలో ఉంది, కులాసాగానే ఉంది అన్నాను. ఊరుకోలేదు.

"ఆ పిల్లకి ఎవరూ లేరమ్మా. రోజంతా ఎవరో మతిలేని ముసలిదానికి చాకిరీ చేస్తుంది. తన సంగతి చూసేవాళ్ళే లేరు పాపం. ఒక్కదాన్నే వదలకు, వెళ్ళి పక్కన కూర్చో" అంది.

వంటగదిలోకి పోయి ఏడ్చాను. రేపు పొద్దున అమ్మ దగ్గర పిన్నిగారిని కూర్చోబెట్టి నీ దగ్గరికి వస్తాను.

నీ చెల్లెలు