వడిసెల తిప్పిన చెయ్యి

ఖమ్మం, 08-11-2004

ప్రమీలక్కా,

నేను బాగానే ఉన్నాను, జిల్లా జట్టులోనే లేను. మూడు రోజుల కింద మొదటి మ్యాచ్‌లో నేను వేసిన నాలుగు బంతులూ అంపైర్ నోబాల్ అన్నాడు. "మోచెయ్యి వంగుతున్నది. గిది బౌలింగ్ కాదు, విసురుడు" అని ఆపేశాడు. చిన్నప్పటి నుంచి చేలో పిట్టల మీదికి రాళ్లు రువ్వుతూ వడిసెల తిప్పిన చెయ్యి, ఇప్పుడు మారమంటే మారుతుందా? ఊరంతా డోలు కొట్టి బస్సెక్కించిందే, ఏ ముఖంతో రావాలని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నిన్న స్కోరు రాసే పెద్దాయన రామారావు సారు పిలిచి పాత పుస్తకం తెరిచారు. "నూరేండ్ల కింద ఇంగ్లండ్‌ల ఒగాయన కౌంటీకి, అంటే అక్కడి జిల్లా జట్టుకు, మూడే మ్యాచ్‌లు ఆడిండు. గిదే తప్పని ఆపిండ్రు. ఇంటికి పోయి గొర్లు కాసుకున్నడు. పేరు చూడు, ఇంకా ఈ పుస్తకంలనే ఉన్నది" అన్నారు. తర్వాత తన స్కోరు పుస్తకంలో నా పేరు చూపించారు. గుండె బరువు దిగింది. ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాను.

జొన్న పాలు పోసుకుందా? మోకాలి నొప్పితో అమ్మను మంచె ఎక్కనివ్వకు. నా వడిసెలకు కొత్త తాడు పేని ఉంచు. శనివారం దుమ్ముగూడెం బస్సుకు వస్తాను. అమ్మకు దండాలు చెప్పు. మన పిట్టలు నోబాల్ అనవు.

నీ తమ్ముడు
జోగయ్య