సెలెరియాక్‌కి వాపొచ్చింది

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, తొట్టిలో చేపలూ క్షేమం. మొక్కల సంగతే బాగాలేదు.

నువ్వు పంపిన సెలెరియాక్ విత్తనాలు మొలిచాక, ఏడు మొక్కల్ని మట్టికుండీల్లో నాటాను. మూడింటిని చేపల తొట్టి మీద గులకరాళ్ళ మడిలో పెట్టాను. తొట్టి నీళ్ళు మోటారుతో పైకెక్కి, వేళ్ళు తడిపి, మళ్ళీ కిందికి దిగుతాయి. అయిదు నెలలు పసిపిల్లల్లా సాకాను. ఆకులు దిట్టంగా ఉన్నాయి, కమ్మటి వాసన. హోటల్లో హెడ్ కుక్ పరీక్షకి నీకు కావలసింది ఈ కూరే కదా, ఇక ఢోకా లేదనుకున్నాను.

పోయిన వారం చూద్దును కదా, అన్నిటికీ మొదలు దగ్గర వాపు! మట్టిలోవాటికైతే పిడికిలంత. పైన పులిపిర్లు, వెంట్రుకల్లాంటి వేళ్ళు. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు కాంపౌండరుగా చేశాను గానీ ఇలాంటి గడ్డ చూళ్ళేదు. ప్రస్తుతానికి కట్లు కట్టాను. ఏం చేయమంటావో రాయి.

నీ మామయ్య

తా.క.: చేపల్ని కూడా ఒక్కొక్కదాన్నీ పట్టి చూశాను. వాపు లేదు. అంటువ్యాధి కాదు.

*

మామయ్యకు నమస్కారాలు.

పొయ్యి మీద గిన్నె పెట్టి రాస్తున్నాను, అందుకే నాలుగు ముక్కలు. వాపు మంచిదే. భయపడకండి. కట్లు విప్పేసి గాలి తగలనివ్వండి. అంతా సవ్యంగానే జరుగుతుంది.

పరీక్ష వచ్చే నెల పదో తారీకున. మా యజమాని ఈ కూర ఎక్కడో తిన్నాడట, అదే వండమన్నాడు. బజారులో ఎక్కడా దొరకదు. నేను వండలేకపోతే ఆ పదవి ఆయన బావమరిదికి పోతుంది. పదకొండేళ్ళుగా ఉల్లిపాయలు తరుగుతున్నాను మామయ్యా. మీ మీదే ఆశ.

మీ మేనకోడలు

తా.క.: బావమరిదికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. నిన్న పెంకుతోనే వేయించాడు.

*

తల్లీ,

నీ ఉత్తరం చదివాను. "వాపు మంచిదే, భయపడకండి, అంతా సవ్యంగానే జరుగుతుంది." ఈ మాటలు నలభై ఏళ్ళు నేనే చెప్పాను. ఎవరికి చెప్పేవాణ్ణో నాకు తెలుసు. పెద్ద డాక్టరుగారు పెదవి విరిచి వెళ్ళిపోయాక, మంచం పక్కన నిలబడి చెప్పేవాణ్ణి. నేను బాధపడతానని నువ్వు దాచినా, జబ్బు ముదిరిందని అర్థమైంది.

ఆలస్యం అమృతం విషం అన్నారు. ఆ సాయంత్రమే కుండీల్లో ఏడింటికీ ఆపరేషన్ చేసి గడ్డలన్నీ తీసేశాను. ఆకులు మాత్రం చెక్కుచెదరకుండా కాపాడాను. తడిగుడ్డలో చుట్టి పార్సెల్ పంపుతున్నాను. హాయిగా వండుకో.

నీ మామయ్య

తా.క.: నీళ్ళలో ఉన్న ముగ్గురూ నీరసంగా ఉన్నారు. కత్తికి తట్టుకోలేరని వదిలేశాను.

*

మామయ్యా!

నమస్కారాలు తరవాత. మీరు కోసి పారేసిందే కూర! ఆ గడ్డే సెలెరియాక్! ముల్లంగులు పారేసి ముల్లంగాకు పంపినట్టుంది మీ పని. తప్పు నాదే, తినేది దుంప అని మొదటే రాయాల్సింది. మీకు తెలుసనుకున్నాను. ఆకు వాసనకి రెండు రెబ్బలు వేస్తామంతే, మీరు పంపింది మూటెడు.

పరీక్ష ఆరు రోజుల్లో ఉంది. నిన్నంతా ఏడుస్తూనే ఉన్నాను, ఉల్లిపాయల వల్లనుకున్నారు అందరూ. నీళ్ళలో మూడూ ఎంతెంత ఉన్నాయో వెంటనే రాయండి. వాటి జోలికి మాత్రం వెళ్ళకండి.

మేనకోడలు

తా.క.: బావమరిది అప్పుడే హెడ్ కుక్ టోపీ కుట్టించుకున్నాడు.

*

తల్లీ,

ఏ మొహం పెట్టుకుని రాయను? నీళ్ళలో మూడూ నిమ్మకాయంత కూడా లేవు. చేపల నీళ్ళ బలమంతా ఆకులకే పోయింది.

కానీ నేను పారేశానని నీకెవరు చెప్పారు? కోసిన గడ్డని పరీక్షకి పంపకుండా పారేయడం మా ఆసుపత్రిలో మహాపాపం. శుభ్రంగా కడిగి, పలచగా బిళ్ళలు కోసి, సీసాకొకటి చొప్పున ఏడు సీసాల్లో భద్రపరిచాను. స్పిరిట్ లేక వెనిగరూ ఉప్పూ పోశాను. ఏ డాక్టరూ చూస్తాననలేదు, ఆఖరికి పళ్ళ డాక్టరు కూడా. సీసాలు బస్సులో పంపుతున్నాను. పనికొస్తే నా పాపం కడుక్కున్నట్టే.

నీ మామయ్య

తా.క.: చీటీలు చింపకు. పేరూ తేదీ లేని సీసాని నమ్మకూడదు.

*

మామయ్యకు శతకోటి నమస్కారాలు.

సూప్ చేద్దామనుకున్నదాన్ని, గతిలేక ఆ పుల్లటి బిళ్ళల్నే పళ్ళెంలో పేర్చి, సీసా పక్కన పెట్టాను. యజమాని ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. సీసా తిప్పి, చీటీ పైకి చదివాడు: "పేషెంటు నంబరు నాలుగు. గడ్డ, మెడ కింద. సాయంత్రం అయిదున్నరకి తొలగించబడినది. పేషెంటు కులాసా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన లేచి మా అందర్నీ సామాన్ల గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక్క డబ్బా మీద పేరు లేదు, తేదీ లేదు. "ఇరవై ఏళ్ళుగా నా వంటింట్లో ఇంత పద్ధతైన మనిషి లేడు. ఈ చీటీ రాసినాయన ఎవరు?" అన్నాడు.

మామయ్యా, హెడ్ కుక్ పదవి నాకే వచ్చింది! కాకపోతే నా పైన కొత్తగా ఇంకో పదవి పెట్టారు, వంటింటి సూపరింటెండెంటు. నేనేం వండినా ఆయన చూసి సంతకం పెట్టాకే బల్ల మీదకి వెళ్ళాలట. ఆ ఆయన మీరే. సోమవారం వచ్చి చేరండి.

ఇకపై మీ కింద పనిచేయబోయే,
మేనకోడలు

తా.క.: బావమరిది నాలుగు బిళ్ళలు తిన్నాక చీటీ విన్నాడు. అప్పట్నుంచి మెడ తడుముకుంటూ మంచం దిగడం లేదు. రాగానే ముందు అతన్ని చూడండి.