ఫిబ్రవరి చీటీ

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆఫీసులో వారం మొదటి సంతకం పెట్టి కూర్చున్నానో లేదో, కుక్కల షెల్టర్ నడిపే దౌలత్ గారి ఫోన్. షెల్టర్ ముందు రోడ్డు మీద మైక్రోబస్సు మా కుక్క బున్నాని గుద్దేసిందట. రాత్రి గేటు గడియ వేసి లేదట. ఎవరు మర్చిపోయారో ఏమో, పోనీలే, అంది. నిన్న సాయంత్రం ఆఖరున బయటికి వచ్చింది నేనే. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, చాలు.

సెలవు కూడా అడక్కుండా పరిగెత్తాను. పాత దుప్పటి మీద పడుకోబెట్టారు. కాఫీ గింజ రంగు ఒళ్ళంతా దుమ్ము. వెనక కాళ్ళు రెండూ చూడరాని వైపుకి తిరిగి ఉన్నాయి. అరవలేదు. నా చెయ్యి నాకింది. కరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఫిబ్రవరి 16

డాక్టర్ వగీహ్ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. రెండు తొడ ఎముకలూ విరిగాయి. ఒక్క కాలైతే తీసి పారేసేవాణ్ణి అమ్మా, మూడు కాళ్ళతో మనకంటే జోరుగా తిరుగుతాయవి, రెండూ తీసేస్తే ఏం చేస్తుంది చెప్పండి, అన్నాడు. ప్లేట్లు వెయ్యాలి. పదిహేను వేల పౌండ్లు. పది రోజులు దాటితే ఎముక ఎలా పడితే అలా అతుక్కుంటుంది, అప్పుడిక నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి పంపెయ్యడమే దయ.

అరువు అడగబోయాను. ఆయన గోడకేసి చూపించాడు. షెల్టర్లకి అరువు ఆపేశాం అని కొత్త కాగితం. మా పేరు లేదు కానీ అది మాకే. తప్పు పట్టలేను. చలికాలంలో మా కుక్కపిల్లలకి సెలైన్లు పెట్టిన డబ్బే ఆయనకింకా చేరలేదు. దౌలత్ గారి బంగారు గాజులు కుక్కల తిండికి ఎప్పుడో అమ్ముడైపోయాయి.

ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టాం. నూట పద్దెనిమిది మంది ఏడుపు మొహం బొమ్మ పెట్టారు. మూడు వందల పౌండ్లు వచ్చాయి.

ఫిబ్రవరి 17

మా సెక్షన్ ఆడవాళ్ళ చీటీ ఈ రోజు మొదలైంది. పన్నెండు మందిమి, నెలకి తలా పదిహేను వందలు, నెలకొకరికి పద్దెనిమిది వేలు. పెద్దరికం అవాతిఫ్‌ది. పేర్లు మడిచి టీ కెటిల్ మూతలో వేసి తీసింది. ఫిబ్రవరి ఇష్రాక్‌కి. మార్చి అవాతిఫ్‌కే. నాకు అక్టోబరు.

ఇద్దరూ ఒప్పుకుంటే నెలలు మార్చుకోవచ్చు. కానీ కారణం చెప్పాలి, అది అవాతిఫ్ రూలు. కుక్క కాళ్ళ కోసం అంటే ఏమంటుందో నాకు తెలుసు. నా కుర్చీలో కుక్క వెంట్రుకలుంటాయని ఆవిడ ఏడేళ్ళుగా దాన్ని ముట్టుకోదు.

ఫిబ్రవరి 18

ఇష్రాక్‌ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా నా పక్క బల్ల. మా అమ్మ పోయినప్పుడు నలభై రోజులు మా ఇంట్లో నాకు తోడు పడుకుంది. నిజం చెబుదామనే వెళ్ళాను. నోరు తెరిచాక గాల్‌బ్లాడర్ అన్నాను. రాళ్ళున్నాయి, సోమవారం ఆపరేషన్, ఈ రోజుల్లో నాలుగు చిల్లులే, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. అబద్ధం ఇంత వివరంగా వస్తుందని నాకే తెలీదు.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇన్నాళ్ళూ నొప్పి దాచుకున్నావా నీ మొహం, ఫిబ్రవరి తీసుకో, అక్టోబరు నాకివ్వు, అంది. నువ్వు ఆ డబ్బు దేనికి అనుకున్నావే అని అడిగాను. ఫ్రిజ్ మారుద్దామనుకున్నాలే, పాతది ఇంకా చల్లగానే ఉంది, అంది.

రేపటినుంచి రంజాన్ ఉపవాసాలు.

ఫిబ్రవరి 19, గురువారం

అవాతిఫ్ కవరు చేతిలో పెట్టి, దేవుడు మేలు చేస్తాడు, భయపడకు అంది. అందరూ నా భుజం తట్టారు. కవరు తీసుకుని నేరుగా డాక్టర్ వగీహ్ బల్ల మీద పెట్టాను. సోమవారం ఉదయం తొమ్మిదికి.

బున్నా మందు మత్తులో ఉంది. నా గొంతు విని తోక ఒకసారి నేలకేసి కొట్టింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

రాయకూడదు. రాస్తాను.

సెలవు చీటీ ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళాను. ఇష్రాక్ తన ఫోన్ నా ముందుకి తోసింది. చిన్న అక్షరాలు, కాస్త చదివిపెట్టు, అంది. కంటి ఆసుపత్రి నుంచి మెసేజ్. డబ్బు కట్టనందున రేపటి మీ అపాయింట్‌మెంట్ రద్దయింది, ఎడమ కంటి ఇంజెక్షన్ ఇక వాయిదా వేయవద్దని డాక్టర్ సూచన.

నేను చదవడం ఆపేశాను. ఆమె ఫోన్ లాక్కుని సంచిలో పడేసింది. షుగర్ కంట్లోకి దిగిందట, లోపల రక్తం ఊరుతోందట. ఇంట్లో ఆయనకి కూడా చెప్పలేదట. ఎవరికైనా చెప్పావో చంపుతాను, ఒట్టెయ్యి, అంది. వేశాను. మరి నాకెందుకిచ్చావే డబ్బు అన్నాను. నీ గాల్‌బ్లాడర్ పగిలితే నువ్వు పోతావు, నా కన్నేం పగలదుగా, అంది. అని నవ్వింది. అంత తేలిగ్గా.

ఇంటికొచ్చి కూర్చున్నాను. డబ్బు డాక్టర్ వగీహ్ దగ్గర భద్రంగా ఉంది. ఇంకా ఎవరూ కత్తి పట్టలేదు. ఫోన్ చేస్తే తిరిగి ఇచ్చేస్తాడు. ఇష్రాక్ రేపు కాకపోతే ఎల్లుండి ఇంజెక్షన్ చేయించుకుంటుంది. బున్నాకి నిద్ర ఇంజెక్షన్ పడుతుంది. గేటు గడియ వేయనిదాన్ని నేను.

ఇష్రాక్‌కి మార్చి ఇప్పిస్తాను. ఒక్క నెల. కన్ను ఒక్క నెల ఆగుతుంది.

ఆగుతుందని నాకెవరు చెప్పారు?

ఫిబ్రవరి 23, ఉదయం 8:40

ఫోన్ చేతిలోనే ఉంది.

మధ్యాహ్నం

చెయ్యలేదు. తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు, పన్నెండున్నరకి బయటికి తెచ్చారు. రెండు ప్లేట్లు, పదకొండు స్క్రూలు. డాక్టర్ వగీహ్ చెమట తుడుచుకుంటూ, మీ పిల్ల గట్టిది అన్నాడు. సంతోషం వేసింది. నిజంగానే వేసింది, దాచుకోవడం ఎందుకు. 

ఫిబ్రవరి 24

మూడింటికి ఇష్రాక్ వచ్చింది. మంచం ఎక్కి దుప్పటి కప్పుకునేంత టైమే దొరికింది. రెండు బస్సులు మారి, గిన్నెకి తువ్వాలు చుట్టుకుని, కోడి సూప్ తెచ్చింది. నేను ఉపవాసం ఉన్నాను. ఉన్నానని చెప్పలేను, నిన్న కడుపు కోయించుకున్నదాన్ని కదా. రోగులకి ఉపవాసం లేదే, దేవుడికి నీ మొండితనం అక్కర్లేదు, నోరు తెరువు, అని చెంచా పెట్టింది. మింగాను. పట్టపగలు, ఒళ్ళంతా బాగుండి, కావాలని ఉపవాసం చెడగొట్టుకోవడం నాకిదే మొదటిసారి. సూప్‌లో యాలకులు బాగా వేసింది. అడుగుదాకా తాగించింది.

వెళ్తూ గిన్నెలు తోమింది. ఒక గిన్నెకి అంటిన మాడు అలాగే ఉండిపోయింది. ఆమెకి కనబడలేదు.

ఫిబ్రవరి 25

ఈ రోజు కట్టు చూస్తానంది.

వస్తుందని తెలిసి పొద్దున్నే నాలుగు చోట్ల దూది పెట్టి ప్లాస్టర్ అంటించుకున్నాను, మీద పసుపు రంగు మందు పూశాను. అద్దంలో చూసుకుంటే పిల్లల నాటకంలా ఉంది. ఎవరైనా ఒక్క చూపులో పట్టేస్తారు. ఇష్రాక్ దగ్గరికి వంగింది. కళ్ళు చిట్లించింది. అద్దాలు పైకి నెట్టి మళ్ళీ చూసింది. చుట్టూ ఎర్రగా ఉందా, నాకే అలా కనబడుతోందా, అని అడిగింది.

ఎర్రగానే ఉంది అన్నాను.

ఆమె చూపు పోతోంది కాబట్టి నేను దొరకలేదు. ఇంతకంటే నీచంగా ఎవరైనా బతికి ఉంటారా.

ఫిబ్రవరి 26

అవాతిఫ్‌కి ఫోన్ చేశాను. నీ మార్చి ఇష్రాక్‌కి ఇవ్వు, నువ్వు అక్టోబరు తీసుకో, అని బతిమాలాను. ఎందుకు అంది. అవసరం అన్నాను. ఎవరికి అవసరం, ఆమెకా నీకా, ఆమె నోట్లో నాలుక లేదా, అంది. రేపు మా ఇంటి కప్పు కారినా నేను కారణం చెప్పే అడుగుతాను రౌహియా, నువ్వూ అంతే, అంది.

కారణాలు రెండే ఉన్నాయి. ఒకటి ఇష్రాక్‌ది, ఒట్టేశాను. రెండోది నాది.

ఫిబ్రవరి 28

షెల్టర్‌కి వెళ్ళాను. బున్నా ముందు కాళ్ళ మీద లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయింది. గేటు గడియ గురించి దౌలత్ గారికి చెప్పేశాను. ఆవిడ గడియ ఒకసారి వేసి తీసి, నేనైనా సరిచూసుకోవాల్సింది, అంది. తిడితే బాగుండేది. రేపు తిట్లకి కొదవుండదు.

మార్చి 1, ఆదివారం

చెప్పేశాను.

ఉపవాసం రోజులు కదా, కెటిల్ బోర్లించి ఉంది, అందరూ ఆవలిస్తూ కూర్చున్నారు. నేను లేచి నిలబడి, నాకు ఆపరేషన్ జరగలేదు, ఫిబ్రవరి చీటీ అబద్ధం చెప్పి తీసుకున్నాను, ఒక కుక్కకి కాళ్ళు బాగుచేయించాను, అన్నాను. కన్ను మాట ఎత్తలేదు.  అందరూ ఒకేసారి అందుకున్నారు.

నీ కోసం నమాజులో చెయ్యెత్తి వేడుకున్నామే, అంది ఒకామె. కిలో అరటిపళ్ళు మోసుకొచ్చాను, నా మోకాళ్ళకి ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, అంది ఇంకొకామె. అవాతిఫ్ మాత్రం గొంతు పెంచలేదు. నువ్వు కుక్క కోసమే అడిగి ఉంటే నేను కాదనేదాన్ని, కాదనడమే సరైన పని, అది నీకూ తెలుసు, అందుకే అబద్ధమాడావు, అంది. 

తీర్పు కూడా ఆవిడదే. ఈ సెక్షన్ ఆడవాళ్ళు మనిషి కంటే కుక్కని ముందు నిలబెట్టారన్న మాట నా నెత్తిన పడకూడదు, మార్చి ఇష్రాక్‌ది, అక్టోబరు నేను తీసుకుంటాను. ఈ ఏడాది రౌహియా తన వాటా కడుతుంది. వచ్చే ఏడాది నుంచి చీటీలో ఆమెకి చోటు లేదు. తీసుకుంటావా అని ఇష్రాక్‌ని అడిగింది. ఇస్తే తీసుకుంటాను, అంది ఇష్రాక్, ముద్రలు కొట్టడం ఆపకుండా.

తర్వాత నా వైపు తిరక్కుండానే ఒక్క మాట అడిగింది. సూప్ తాగావా, నేను వెళ్ళాక పారబోశావా? తాగానే అన్నాను. మంచిది, అది ఇంట్లో ఆయన వాటా, అంది.

మార్చి 3

నేను వరండాలో నడుస్తుంటే వెనక ఎవరో భౌ అన్నారు. తిరిగి చూడలేదు.

మార్చి 9

ఇష్రాక్ బల్ల కిటికీ వైపుకి జరిపించుకుంది. వెలుతురు కోసం అంది, నాతో కాదు, అటెండర్‌తో.

మార్చి 24

పండగ అయిపోయింది. ఈ రోజు ఆమె కంటికి ఇంజెక్షన్. ఇప్పుడు అందరికీ తెలుసు, తనే చెప్పింది. కన్ను సంగతి నాకు ముందే తెలుసని మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే అవాతిఫ్ నన్ను గదిలోకి కూడా రానిచ్చేది కాదు.

నారింజపళ్ళు పట్టుకుని వాళ్ళ మూడో అంతస్తు ఎక్కాను. ఆయన తలుపు సగమే తీసి సంచి అందుకున్నాడు. పడుకుంది అన్నాడు. లోపల టీవీ, దాని మీదుగా ఆమె గొంతు, ఎవరొచ్చారు అంటూ. ఆయన నేల చూశాడు. నేను దిగొచ్చేశాను.

ఏప్రిల్ 2

బున్నా నడిచింది. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరికి, నడుము ఊపుకుంటూ. దౌలత్ గారు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

మధ్యాహ్నం అవాతిఫ్ నా బల్ల దగ్గర ఆగింది. నాతో ఇంకా మాట్లాడేది ఆవిడొక్కతే. రక్తం ఆగిందట, కుడి కన్ను బాగానే ఉందట. ఎడమ కంట్లో కింది సగం చీకటి అలాగే ఉండిపోయిందట, ఇక తెరుచుకోదట. ఒక నెల ముందు ఇంజెక్షన్ పడి ఉంటే? అవాతిఫ్ అది కూడా డాక్టర్‌ని అడిగిందట. చెప్పలేం అన్నాడట. ఆవిడ నన్ను చూస్తూ నిలబడింది.  పెన్ను మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

చెప్పలేం అన్న మాటతో ఎన్నేళ్ళు బతకాలో నేను.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఇష్రాక్ షెల్టర్‌కి వచ్చింది. నేను రమ్మనలేదు. గేటు దగ్గర నిలబడి, ఏది, అంది. చూపించాను. బున్నా పరుగెత్తుకొచ్చి ఆమె ముందు కూర్చోబోయి మనసు మార్చుకుని నిలబడింది. ఇష్రాక్ అరచేత్తో కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో దాని మొహం కేసి చాలాసేపు చూసింది.

చెవులు కనబడుతున్నాయి, కాళ్ళు కనబడటం లేదు, అంది.

నాలుగూ ఉన్నాయని చెప్పాను.